ఖాళీ మట్టి

మా మామయ్య జీవితమంతా మట్టితోనే గడిచింది. కుండలు చేసే మట్టి కాదు, ఇటుకలకు పనికొచ్చే మట్టీ కాదు. నూనె పట్టించే మట్టి. "మట్టికి పూటపూటా నూనె రాస్తాడు, నెత్తికి మాత్రం రాసుకోడు," అని అత్తయ్య ఆయన రేగిన జుట్టు చూసి వెక్కిరించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేను దానికి సరిగ్గా తిరగేసిన రకం. మా ఇంటి వాళ్ళకు రావలసిన నోరంతా నాకొక్కదానికే వచ్చిందని మా అమ్మ, అంటే ఆయన అక్క, ఎప్పుడూ మొత్తుకునేది.

ఆయన పనిచేసింది గోదాముల వీధి చివర ఉన్న ఒక రేకుల షెడ్డులో. కింద ఆకుల నుంచి నూనె తీసే ఆవిరి బానలు, పైన ప్రయోగశాల. నిమ్మగడ్డి, పుదీనా, లవంగం, వాము, ఘాటున్న ప్రతిదీ కింద ఉడికి, నూనెగా మారి, సీసాల్లో పైకి వచ్చేది. ఆ వాసన తగిలితే ధాన్యానికి పట్టే పురుగు దూరంగా పోతుంది. కానీ ఉత్త నూనెను బస్తాలో చల్లితే నాలుగు రోజుల్లో గాల్లో కలిసిపోతుంది. అందుకని దాన్ని మట్టికి పట్టించి, చిన్న సంచుల్లో పోసి, బస్తాకొకటి చొప్పున వేస్తారు. మట్టి ఆ నూనెను ఒక్కసారిగా వదలదు. పిసినారి ఖర్చు పెట్టినట్టు కొంచెం కొంచెంగా వదులుతుంది.

మట్టి నూనెను దూదిలా పీల్చుకుంటుందని నేను అనుకునేదాన్ని. ఆ మాట అంటే మామయ్య ఒప్పుకునేవాడు కాదు.

"పీల్చుకోవడం కాదు కోడలు పిల్లా, అంటించుకోవడం. ఈ మట్టి లోపలంతా పొరలే. నీ కొట్లో బట్టల తాన్లు పేర్చిపెడతావే, అట్లా. ఆ పొరల మధ్యలోకి దూరి గోడలకి అతుక్కుని కూచుంటుంది నూనె."

పుస్తకాల్లో దీన్ని అధిశోషణం అంటారట. ఆ పేరు ఆయన ఎప్పుడూ వాడలేదు. షెడ్డులో వాళ్ళకు వాళ్ళ పేర్లు ఉండేవి. గనుల నుంచి వచ్చింది వచ్చినట్టు కడిగి, ఆరబెట్టి, జల్లించినది పచ్చి మట్టి. దానికి నీళ్ళంటే ప్రాణం, నూనెంటే పెద్దగా గిట్టదు. ఆ పచ్చి మట్టినే సబ్బులాంటి మందు కలిపిన వేడినీళ్ళలో గిలకొట్టి, నురగ పోయేదాకా కడిగితే, పొరలు కాస్త ఎడంగా జరిగి నూనెను ఇష్టపడడం మొదలుపెడుతుంది. దాన్ని చదువుకున్న మట్టి అనేవాళ్ళు. "మరి చదువుకున్న మొగుడెప్పుడు దొరుకుతాడో," అని అత్తయ్య అంటే, "ఎంత గిలకొట్టినా ఈ జన్మకి నేను పచ్చి మట్టినే," అనేవాడు మామయ్య.

పనిలో ఆయనకు ఉన్న పట్టుదల ఒక్కటే. మట్టి నిండాలి. ఎంత నూనె పట్టగలదో అంతా పట్టాలి, ఒక్క బొట్టుకు కూడా చోటు మిగలకూడదు. సగం పట్టిన మట్టిని ఆకలి మట్టి అనేవాడు. అది ఆయన బల్ల దాటి పోయేది కాదు. కడుపు నిండని బిడ్డను బడికి పంపినట్టు బాధపడేవాడు. ప్రయోగశాల నడిపే మేడమ్ కూడా, మట్టి ఆయన చేతి మీదుగా వస్తే వాసన కొలిచే యంత్రం దగ్గర రెండోసారి పరీక్ష చేయించేది కాదు.

ఇంత వాసనల మధ్య బతికిన మనిషికి వాసన తెలియదు. ఏళ్ళ తరబడి లవంగం ఘాటు, వాము ఘాటు పీల్చీ పీల్చీ ముక్కు చచ్చిపోయింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడ్డా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. "ముక్కు యంత్రానికి ఉంది కదా, నాకెందుకు?" అనేవాడు. అత్తయ్యదేమో కుక్క ముక్కు. ఆమె, ఆమె అక్క కలిసి మా వీధిలో లాండ్రీ నడిపేవాళ్ళు. మడతపెట్టిన చొక్కా వాసన చూసి, అది ఎండలో ఆరిందో గదిలో ఆరిందో చెప్పేది. వాసన ఉన్న బట్ట ఆమె చేతికి వస్తే దాని సంగతి తేల్చేదాకా నిద్రపోదు. వాళ్ళ ఎదురుగానే నా కుట్టు దుకాణం. ఆమె అక్కను నేను పెద్దత్త అంటాను.

ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ పొద్దున్న తలుపు తీసింది మొదలు పోట్లాడుకునేవాళ్ళు. గంజి ఎక్కువైందని ఒకరు, గుండీ ఊడదీశావని ఇంకొకరు. దుప్పటి మడతపెట్టేటప్పుడు మాత్రం నోళ్ళు మూసుకునేవాళ్ళు. చెరో రెండు కొసలు పట్టుకుని, ఒక్క అడుగు వెనక్కి, దులిపి, ఒక్క అడుగు ముందుకి. కుట్టు మిషను ఆపి నేను చూస్తుండేదాన్ని. అంత చక్కగా కలిసి పనిచేసే ఇద్దరు మనుషుల్ని మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అత్తయ్యకు జబ్బని మొదట పసిగట్టింది నేనే. వదులుగా ఒక జాకెట్టు కుట్టమని వచ్చి, ఛాతీ దగ్గర టేపు పెట్టనివ్వలేదు. "పాత కొలతే ఉందిగా, దానికి నాలుగు వేళ్ళు వదులు కలుపు," అంది. నేను వినే రకాన్ని కాదు. పెట్టాను. గట్టిగా ఏదో తగిలింది. ఆమె నా చేయి తోసేసింది. ఆ సాయంత్రమే ఒంటి కాలి మీద లేచి, మామయ్యను, పెద్దత్తను నిలబెట్టి కడిగేసి, ఆమెను ఆసుపత్రికి పంపించాను. ఆలస్యమైందని అక్కడ మొదటి వారమే చెప్పారు. మందులు ఇచ్చారు, కోత పెట్టారు, మళ్ళీ మందులు ఇచ్చారు. చివరికి ఇక చేసేదేం లేదు, ఇంట్లో చూసుకోమన్నారు. రొమ్ము మీది గడ్డ పగిలి పుండైంది. నర్సమ్మ ఒకామె రోజూ వచ్చి కట్టు మార్చి వెళ్ళేది.

ఆ పుండు వాసన గురించి దాచి చెప్పను. కుళ్ళిన వాసన. తలుపు దాటి, నడవ దాటి, మెట్ల దగ్గరికి వచ్చేది. దుస్తులకు పట్టి మనతో పాటు ఇంటికి వచ్చేది. కట్టు మార్చిన కాసేపటికే మళ్ళీ మొదలయ్యేది.

బట్టల మీద చెమట వాసన కూడా సహించని మనిషి అది ఎలా భరించిందో నాకు తెలియదు. ముందు లాండ్రీకి రావడం మానేసింది. తర్వాత ముందు గదిలో కూర్చోవడం మానేసింది. చివరికి వెనక గదిలో మంచానికి పరిమితమై, నర్సమ్మను, నన్ను, మామయ్యను తప్ప ఎవర్నీ రానివ్వలేదు. నేను మొండికేసి దూరేదాన్ని కాబట్టి నన్ను ఆపలేకపోయింది. మామయ్యకైతే తనే అనుమతి ఇచ్చింది.

"నువ్వు రావచ్చులేవయ్యా. నీకు ముక్కు లేదుగా. ఇన్నాళ్ళకి అదొక్కటి కలిసొచ్చింది."

పెద్దత్త రోజూ వచ్చేది. గది బయట నిలబడి, "ఒక్కసారి చూసి పోతానే," అనేది. లోపలి నుంచి, "కాస్త తగ్గనీ అక్కా," అని జవాబు వచ్చేది. తగ్గేది కాదని ఇద్దరికీ తెలుసు. ఒకరోజు దిండు గలీబు మారుస్తుంటే అత్తయ్య నా చేయి పట్టుకుంది.

"దాన్ని పక్కన కూచోబెట్టుకోవాలనుందే. ఊరికే కూచుంటే చాలు, ఏం మాట్లాడక్కర్లా. కానీ ఈ కంపులోకి ఎట్లా పిలవను? అది కూడా నాలాంటిదేగా, ముక్కు బాధ దానికీ ఉంది."

నేను బయటకు వచ్చి ఆ మాట మామయ్యకు చెప్పాను. ఆయన తన చేతులు చూసుకుంటూ, "ఇది నా పనే," అన్నాడు. "ఇన్నేళ్ళూ పురుగులకు చేశాను. దీనికి చేయలేనా?"

ఆయన మొహంలో అంత వెలుగు నేను ఆ మధ్యకాలంలో చూడలేదు. పల్చటి నూలుబట్టతో సంచులు కుట్టమన్నాడు. కుట్టాను. మట్టి మాత్రం ఆయనే తెచ్చాడు, మేడమ్‌ను అడిగి, చదువుకున్న మట్టిలోనూ మేలైన రకం. దానికి నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె పట్టించాడు. ఎంత పడుతుందో అంతా పట్టించాడు. ఒక్క బొట్టుకు కూడా చోటు లేకుండా నింపాడు. పొద్దున్నే గది నిండా సంచులు వేలాడదీశాడు. మంచం కింద, దిండు పక్కన, తలుపు వెనక, కిటికీ కమ్మీలకు. పరిమళం బయటకు పోకూడదని కిటికీలు కూడా మూసేశాడు. మూసి, వెంటనే వెళ్ళి పెద్దత్తను పిలుచుకొచ్చాడు. నన్ను కూడా రమ్మన్నాడు, కానీ నేను వెళ్ళేసరికి పెద్దత్త అప్పటికే గుమ్మం దగ్గర ఉంది.

ఆమె ఉతికిన చీర కట్టుకుని, చేతిలో కొత్తగా ఇస్త్రీ చేసిన దుప్పటి పట్టుకుని ఉంది. లోపల అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది. జుట్టు వేళ్ళతో సవరించుకుంది. అక్కను చూసి నవ్వింది. నేను మామయ్య వెనక నిలబడి ఉన్నాను, తీసిన తలుపులోంచి ఆ గాలి నా మొహానికి కొట్టింది. నిమ్మగడ్డి, లవంగం, వాటి కింద కుళ్ళు. ఏదీ తగ్గలేదు. ఒకదాన్ని ఒకటి పట్టుకుని రెండూ పెరిగాయి. తీపి కలిసిన కుళ్ళు, ఉత్త కుళ్ళు కన్నా నూరు రెట్లు హీనం.

పెద్దత్త మంచం దాకా వెళ్ళింది. చెల్లెలి భుజం మీద చేయి వేయబోయి ఆగింది. ఆమె మొహం మారిపోయింది. దుప్పటి వదిలేసి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, నన్ను తోసుకుంటూ నడవలోకి పరుగెత్తి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఆ చప్పుడు గదిలోకి స్పష్టంగా వినిపించింది.

అత్తయ్య మామయ్య వైపు చూడలేదు. కాసేపటికి, "తలుపేసెయ్," అంది. "ఇక దాన్ని పిలవొద్దు."

అప్పటికీ మామయ్యకు ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆయనకు వాసన రాదుగా. "మట్టి నిండుగానే ఉంది కోడలు పిల్లా, యంత్రంలో కూడా చూశాను," అని నన్నే అడుగుతున్నట్టు అన్నాడు. సంచి ఒకటి విప్పి అరచేతిలో పోసుకుని చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నిండితే నెత్తిన పెట్టుకో," అని వచ్చేశాను. కోపం ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియక ఆయన మీద.

మర్నాడు ఆయన మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని, అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా అడిగిందట.

"నిండా నూనె పట్టించారు కదా. మరి ఆ గదిలో వాసన ఎక్కడ అంటుకోవాలి? కిక్కిరిసిన బస్సు వచ్చి ఆగితే మనం ఎక్కగలమా?"

మామయ్య అక్కడే స్టూలు మీద కూలబడ్డాడట. ఇది ఆయనకు తెలియనిదేం కాదు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజు చెప్పేది ఇదే. పొరలు ఎన్ని ఉంటే అంతే చోటు, నిండాక ఇంకేం పట్టదని. కానీ ఆయనకు మట్టంటే నింపాల్సింది. తన ఇంటి మనిషికి ఖాళీ మట్టి, ఆకలి మట్టి ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు. ఉన్నదాంట్లో మేలైనది, నిండైనది ఇవ్వాలనుకున్నాడు. బతుకంతా మంచిదనుకున్న పని ఆ ఒక్కరోజు చెడు చేసింది.

మేడమ్ పచ్చి మట్టి, చదువుకున్న మట్టి రెండూ ఇచ్చింది. కుళ్ళులో వాసనలు ఒక రకం కాదట, కొన్నింటిని ఇది పడుతుంది, కొన్నింటిని అది. పచ్చి మట్టిని పొయ్యిలో బాగా ఆరబెట్టమంది, చెమ్మ ఉంటే ఆ చోటంతా నీళ్ళే ఆక్రమిస్తాయి కాబట్టి. "ఎంత కావాలంటే అంత తీసుకెళ్ళండి, మట్టికేం కరువు," అంది. మంచి మనిషి. ఆ బస్సు ప్రశ్న ఒక్కరోజు ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

పాత సంచులన్నీ తీసేశాం. నేను కొత్తవి కుట్టాను, ఇంకా పల్చటి బట్టతో. కిటికీలు తెరిచాం. మామయ్య పళ్ళేల నిండా ఖాళీ మట్టి పరిచి మంచం కింద పెట్టాడు, కట్టు మీద వేసే గుడ్డకు బయటి వైపు పల్చగా ఒక సంచి కుట్టించాడు. వారానికి రెండుసార్లు పాతది పారబోసి కొత్తది నింపేవాళ్ళం. ముందు నిమ్మగడ్డి పోయింది. తర్వాత నడవలో కంపు పోయింది. ఆ తర్వాత ఒక పొద్దున నేను గదిలోకి వెళ్ళి, గుమ్మం దగ్గరే ఆగిపోయాను. సబ్బు వాసన, ఉతికిన గుడ్డ వాసన. అంతే. మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. చాలా దగ్గరికి వెళ్తే లీలగా ఏదో ఉంది, అది ఏ జబ్బు మనిషి దగ్గరైనా ఉండేదే.

"అత్తయ్యా! వాసన లేదు. నిజంగా లేదు."

ఆమె నా వైపు జాలిగా చూసింది. "నువ్వు కూడా నేర్చుకున్నావే," అంది.

"ఏం నేర్చుకున్నాను?"

"మొహం చూసి మాట్లాడడం."

ఇది విని నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి మొహం చూసి ఒక మంచి మాట అన్న పాపాన పోలేదు నేను. పెళ్ళికూతురి జాకెట్టు పొట్ట దగ్గర బిగిస్తే, తిండి తగ్గించమని ఆమె మొహం మీదే చెప్పినదాన్ని. అలాంటి నేను నిజం చెబితే నమ్మలేదు. నర్సమ్మ కూడా చెప్పింది. "ఆమెకది ఉద్యోగం, అట్లాగే చెబుతుంది," అంది అత్తయ్య. మామయ్య ఎటూ లెక్కలోకి రాడు. చివరికి మేడమ్ స్వయంగా వచ్చింది. గదిలో గాలిని ఒక గాజు గొట్టంలోకి లాగి, తీసుకెళ్ళి యంత్రంలో పెట్టి, మర్నాడు మళ్ళీ వచ్చి, దాదాపు ఏమీ లేదని చెప్పింది. అత్తయ్య శ్రద్ధగా వింది, పెద్దవాళ్ళకు ఇచ్చే మర్యాద ఇచ్చింది. మేడమ్ వెళ్ళాక, "ఆ యంత్రం మా అక్కలా వాంతి చేసుకుంటుందా?" అంది.

"నాకు వస్తోంది కదే వాసన," అంది ఇంకోసారి. "నా ముక్కు నన్ను మోసం చేస్తుందా? రాత్రీ పగలూ వస్తూనే ఉంది."

ఆమెకు నిజంగానే వచ్చేదని నా నమ్మకం. గదిలో లేదు, ఆమె లోపల ఉంది. అక్క మొహం మారిన ఆ ఒక్క క్షణం ఆమెకు అంటుకుపోయింది. దాన్ని ఊడదీసే మట్టి మా మామయ్య దగ్గర లేదు.

పెద్దత్త ఊరుకోలేదు. లాండ్రీ నుంచి స్టూలు తెచ్చుకుని తలుపు బయట కూర్చునేది. ఉతికిన బట్టలు బుట్టతో తెచ్చుకుని అక్కడే మడతపెట్టేది. దుప్పట్లు ఒంటరిగా మడతపెట్టడం ఆమెకు రాలేదు, కొసలు నేల మీద ఈడ్చుకుపోయేవి.

"తలుపు తియ్యవే," అనేది.

"నువ్వు పారిపోయావుగా."

"నీ మొగుడు పోసిన నూనె కంపుకి పారిపోయానే, నీ కంపుకి కాదు!"

"అబద్ధం."

"అబద్ధమైతే నా నాలుక కోసెయ్. ముందు తలుపు తియ్యి, కోయడానికి."

లోపల అత్తయ్య నవ్వింది. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. నవ్వింది కానీ గడియ తీయమని చెప్పలేదు. అప్పటికి తను లేవలేకపోతోంది. గడియ వేసేది, తీసేది మామయ్యే. అక్కను రానివ్వనని ఆయన చేత మాట తీసుకుంది.

ఈ విషయంలో నేను మామయ్యతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. వంటింట్లో నిలబెట్టి అడిగాను.

"తలుపు తీసేయొచ్చుగా మామయ్యా. ఏం చేస్తుంది, లేచొచ్చి కొడుతుందా? ఒక్కసారి పెద్దత్త లోపలికి వెళ్ళి కూచుంటే, వాసన లేదని ఆమె మొహం చూసి అత్తయ్యే తెలుసుకుంటుంది."

ఆయన గ్లాసు కడుగుతూ తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి దాన్ని అడక్కుండా వదినను పిలుచుకొచ్చాను. చూశావుగా."

"అప్పుడు వేరు."

"దాని ఒళ్ళు దాని మాట వినడం లేదు. తిండి వినడం లేదు, నిద్ర వినడం లేదు. ఈ ఇంట్లో ఇక దాని మాట వినేది ఆ తలుపొక్కటే. అది కూడా నేను లాక్కోనా?"

ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. అలాగని ఒప్పని కూడా ఒప్పుకోలేను. ఆయన మీద కోపం మాత్రం పోలేదు, అది అలాగే ఉంది. ఒక్క గడియ. తీస్తే అయిపోయేది.

మామయ్య మట్టి మార్చడం మాత్రం మానలేదు. అందరూ వాసన లేదంటున్నా, తనకసలే తెలియకపోయినా, ఆమెకు వస్తోందంది కాబట్టి ఇంకా మార్చేవాడు. ఇంకా మెత్తగా జల్లించేవాడు, ఇంకా ఆరబెట్టేవాడు. పళ్ళేలు పెంచాడు. మంచం చుట్టూ నడవడానికి దారి లేకుండా పళ్ళేలు. ఆ పని వల్ల ఏ ఉపయోగమూ లేదని ఆయనకు తెలుసని నేననుకుంటాను. చేతులకు వచ్చిన పని అదొక్కటే కాబట్టి చేశాడు. అడిగితే, "కాస్త తగ్గిందంటోంది ఇవాళ," అనేవాడు. ఆమె అలా అన్నదో లేదో నేను అడగలేదు.

అత్తయ్య ఒక మధ్యాహ్నం పోయింది. ఎండ బాగా కాస్తోంది, లాండ్రీ వెనక తీగల మీద బట్టలు నిండుగా ఉన్నాయి. మామయ్య లోపల ఆమె చేయి పట్టుకుని ఉన్నాడు. పెద్దత్త తలుపుకు ఇవతల స్టూలు మీద ఉంది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చుని ఒక చొక్కాకు గుండీలు కుడుతున్నాను. పొద్దుటి నుంచి లోపల మాటలు లేవు. ఎప్పుడో ఒకసారి అత్తయ్య గొంతు, "అక్క ఉందా?" అని వినిపించింది. "ఉంది, బయట కూచుంది," అన్నాడు మామయ్య. పెద్దత్త లేచి తలుపుకు మొహం ఆనించి, "ఉన్నానే, ఎక్కడికీ పోలేదు," అంది. లోపలి నుంచి జవాబు రాలేదు. మేం చాలాసేపు అలాగే కూర్చున్నాం. తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

మామయ్య తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నాడు.

పెద్దత్త గుమ్మం దగ్గర ఆగి గట్టిగా ఊపిరి పీల్చుకుని బిగబట్టింది. నీళ్ళలో మునగబోయేవాళ్ళు అలా చేస్తారు. నేను చూశాను, మామయ్య కూడా చూశాడు. అలాగే బిగబట్టుకుని, పళ్ళేల మధ్య కాళ్ళు పెట్టుకుంటూ మంచం దాకా వెళ్ళి కూర్చుంది. చెల్లెలి జుట్టు సవరించింది. ఎంతసేపని బిగబడుతుంది? ఊపిరి వదిలింది. తప్పక మళ్ళీ పీల్చింది.

ఆమె కదలకుండా ఉండిపోయింది. ఇంకోసారి పీల్చింది, ఈసారి నెమ్మదిగా, మడతపెట్టిన బట్ట వాసన చూసినట్టు. వంగి చెల్లెలి మెడ దగ్గర, కట్టు దగ్గర ముక్కు పెట్టి చూసింది. తల ఎత్తేసరికి ఆమె మొహం చూడలేకపోయాను.

"ఏ వాసనా లేదు కదే," అంది. "ఏమీ లేదు కదే మొండిదానా. ఎందుకే రానివ్వలేదు నన్ను?"

మామయ్య గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంకోసారి చెప్పు వదినా," అన్నాడు. "మేం చెబితే నమ్మలేదు."

పెద్దత్త చెల్లెలి చెవి దగ్గరికి వంగి, మళ్ళీ చెప్పింది.